సోఫా వెనక గోడకి మోల్డింగ్: మీరే చేసుకోవచ్చు, ముందు గోడని అడగండి

నమస్తే అండి. మీరు అడిగింది ఇది కదా: మియాపూర్‌లో ఫ్లాట్ తీసుకుని ఏడాదైంది, హాల్లో సోఫా వెనక పన్నెండడుగుల గోడ బోసిగా ఉంది, దాని మీద మోల్డింగ్ ఫ్రేములు, అంటే సన్న పట్టీలతో చేసే చట్రాలు, పెట్టాలని మీకూ మీ ఆవిడకీ ఆశ. ఒక్క గోడ పనికి రామని ఇద్దరు కార్పెంటర్లు తేల్చేశారు. వీడియోల్లో చూస్తే మేకుల గన్ను పట్టుకుని గంటలో ముగించేస్తున్నారు. రంపం ఎప్పుడూ పట్టని మనిషి ఇది చేయగలడా, ఏ మెటీరియల్ కొనాలి, మేకులా గమ్మా అని.

చేయగలరు. పదహారేళ్లుగా హైదరాబాద్‌లో ఇంటీరియర్ పనులు చేయిస్తున్నాను. వార్డ్‌రోబ్ సొంతంగా చేసుకోమని ఎవరికీ చెప్పను, ఈ పని మాత్రం ధైర్యంగా చెప్తాను. రెండు శనాదివారాలు కేటాయించుకోండి, రంగుకి ఇంకో ఆదివారం. నేను చూసినంతలో పని చెడిన ఇళ్లన్నిట్లో కారణం ఒకటే. గోడ సంగతి తేల్చుకోకుండా బీడింగ్, అంటే ఆ పట్టీలు, కొనుక్కొచ్చేశారు. అందుకే మీరు అడగకపోయినా గోడతోనే మొదలుపెడతాను.

మీరు చూసిన వీడియోలు చాలావరకు అమెరికావి. అక్కడ గోడ అంటే చెక్క నిలువుల మీద బిగించిన అరంగుళం జిప్సం బోర్డు. మామూలుగా పదహారు అంగుళాలకొక నిలువు ఉంటుంది, సన్న మేకు అందులోకి దిగి పట్టుకుంటుంది. డాలస్‌లో ఉండే మా చెల్లెలు వాళ్లింట్లో అలాగే కొట్టుకుంది, చక్కగా వచ్చింది. మన గోడ వేరు. ఇటుకో సిమెంట్ బ్లాకో, దాని మీద ప్లాస్టరింగు, దాని మీద రెండు చేతుల లప్పం (పుట్టీ), ప్రైమరు, ఆపైన ఎమల్షన్. గన్ను మేకు ప్లాస్టరింగ్‌కి తగిలి వంగిపోతుంది, లేకపోతే చుట్టూ పెచ్చు లేపుతుంది. పైగా స్విచ్ బోర్డుల నుంచి పైకీ కిందికీ గోడలోపల వైర్ల పైపులు వెళ్తుంటాయి. కాబట్టి మన ఇళ్లలో ఈ తేలికపాటి బీడింగ్‌ని మోసేది గమ్ము. ఆ గమ్ము పట్టుకునేది ఇటుకని కాదు, అన్నిటికంటే పైనున్న రంగుని. రంగు లప్పాన్ని పట్టుకోవాలి, లప్పం ప్లాస్టరింగ్‌ని పట్టుకోవాలి. వీటిలో ఏది బలహీనమో అక్కడే ఊడుతుంది.

ఇది నాకు ఒక దెబ్బతో తెలిసింది. నిజాంపేటలో ఒకరింట్లో సాయంత్రానికి తొమ్మిది ఫ్రేములు అతికించి, చూసుకుని మురిసిపోయి ఇంటికెళ్లాం. పొద్దున్నే ఆ ఇంటావిడ ఫోన్ చేసి, పై బీడింగ్ సోఫా మీద పడి ఉందన్నారు. వెళ్లి వెనక్కి తిప్పి చూస్తే గమ్ము రాయిలా ఉంది. దాని మీద అప్పడంలా పల్చగా, మూరెడు పొడవున లప్పం పొర అంటుకుని వచ్చింది. గోడ మీద అదే ఆకారంలో బూడిదరంగు ప్లాస్టరింగ్ కనపడుతోంది, వేలితో రాస్తే దుమ్ము. ప్లాస్టరింగ్ మీది దుమ్ము తుడవకుండా, తడపకుండా లప్పం పెట్టేశారన్నమాట. ఆ గోడ మొత్తం గీకించి, ప్రైమర్ కొట్టించి, లప్పం మళ్లీ పెట్టించాక గానీ మోల్డింగ్ నిలబడలేదు. అప్పటినుంచి గోడని పరీక్షించకుండా ఏ ఇంట్లోనూ బీడింగ్ దింపలేదు.

పరీక్ష కష్టమేమీ కాదు. ముందు తడిచేత్తో గోడని గట్టిగా రుద్దండి. అరచేతికి తెల్లగా పొడి అంటితే అది డిస్టెంపరో, బలంలేని రంగో. దాని మీద ఏ గమ్మూ నిలవదు, గీకి ప్రైమర్ కొట్టాల్సిందే. పొడి అంటకపోతే, తర్వాత సోఫా వెనక కనపడని చోట బ్లేడుతో అంగుళం మేర ఇంటూ గుర్తు కోసి, దాని మీద పెట్టెలకి వేసే గోధుమరంగు టేపు గట్టిగా అద్ది ఒక్కసారి లాగండి. రంగు మాత్రమే ఒక రవ్వ వస్తే ఫర్వాలేదు. లప్పం పెచ్చుగా వస్తే ఆగిపోండి. ఇలా గోడకి మూడు నాలుగు చోట్ల చూడండి, ఎందుకంటే ఒకే గోడలో ఒక పక్క గట్టిగా, ఇంకో పక్క డొల్లగా ఉండటం మామూలే. వేలి కణుపుతో కొట్టినా తెలుస్తుంది, డొల్ల చోట కుండ మీద కొట్టినట్టు పలుకుతుంది.

మూడోది చెమ్మ. ఆ గోడకి అవతల బాత్రూమో వంటగదో ఉందా? ఉంటే, అడుగు చదరం పాలిథిన్ ముక్కని నాలుగు పక్కలా టేపు వేసి ఒక రోజంతా ఉంచండి. గోడవైపు నీటి చుక్కలు కడితే లోపల తడి ఉన్నట్టు. ముందు ఆ లీకేజీ సంగతి చూడాలి, మోల్డింగ్ తర్వాత. చుక్కలు బయటివైపు ఉంటే అది గదిలో గాలి తేమ, గోడ తప్పు కాదు.

గోడ ఒప్పుకుందనుకుందాం. ఇప్పుడు మెటీరియల్. మీకు నేను చెప్పేది పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ బీడింగ్, షాపుల్లో పీఎస్ మోల్డింగ్ అంటారు. తేలిక, చెదలు పట్టవు, చెమ్మకి ఉబ్బదు, చేతిరంపానికి వెన్నలా తెగుతుంది, రంగుకి సిద్ధంగా తెల్లగా వస్తుంది. పాలీయూరితేన్ అంటే పీయూ ఇంకా గట్టిది, నగిషీ స్పష్టంగా ఉంటుంది, ధర ఎక్కువ. చెక్కపీచు నొక్కి చేసే ఎండీఎఫ్ బీడింగ్ చవక, అంచు చక్కగా వస్తుంది, కానీ నీళ్లు తాగితే బ్రెడ్డులా ఉబ్బి మళ్లీ మామూలు కాదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో దాన్ని నేను వాడనివ్వను. హైదరాబాద్‌లో పొడి గోడకి ఫర్వాలేదు, కోసిన ప్రతి కొసకీ వుడ్ ప్రైమర్ పట్టించాలి. టేకు బీడింగ్ అందం దేనికీ రాదు, అయితే అది గమ్ముతో నిలిచే బరువు కాదు, గోడకి డ్రిల్ వేసి ప్లగ్గులు, స్క్రూలు పెట్టాలి. మొదటిసారికి వద్దు.

పీఎస్‌తో ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. అది మంటకి కరుగుతుంది, అంటుకుంటుంది కూడా. పూజ అలమర చుట్టూ, దీపం పెట్టే గూటి పక్కన, పొయ్యి దగ్గర అస్సలు పెట్టకండి.

వెడల్పు ఎంత తీసుకోవాలని చాలామంది తికమకపడతారు. చౌమహల్లా ప్యాలెస్‌లో గచ్చుపని చూసొచ్చి, అంత బరువైన నగిషీ కావాలని అడిగినవాళ్లున్నారు. ఆ దర్బారు హాలు కప్పు ఎత్తు ఎక్కడ, ఫాల్స్ సీలింగ్ వేశాక ఎనిమిదడుగులు మిగిలే మన హాలు ఎక్కడ! ఫ్రేములకి 25 నుంచి 35 మి.మీ. వెడల్పు, సాదా గీతల బీడింగ్ తీసుకోండి. పువ్వులూ తీగలూ ఉన్నవాటికి మూలల దగ్గర నగిషీ కలపడం చేయి తిరిగినవాళ్లకే కష్టం.

ఇక కొలతలు. దయచేసి మిల్లీమీటర్లలోనే లెక్కవేయండి. అంగుళాలు, సూత్‌ల (అంగుళంలో ఎనిమిదో వంతు) లెక్కలో కొత్తవాళ్లు తప్పకుండా తప్పుతారు. మీ గోడ వెడల్పు టేపు పెడితే 3640 వచ్చిందనుకుందాం. మూడు ఫ్రేములు, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్యా, రెండు చివరలా 100 చొప్పున ఖాళీ. మూడు ఫ్రేములకి ఖాళీలు నాలుగు, అంటే 400. మిగిలింది 3240, మూడుతో భాగిస్తే ఒక్కో ఫ్రేము బయటి వెడల్పు 1080. టైల్ స్కర్టింగ్ పైనుంచి సీలింగ్ దాకా 2400 ఉంటే, పైనా కిందా 150 వదిలి ఎత్తు 2100 పెట్టుకోండి.

బీడింగ్ ఎంత కొనాలనేది ఇక్కడే తప్పుతుంది. ఒక్కో ఫ్రేము చుట్టుకొలత 6360, మూడిటికీ 19,080. షాపులో దొరికే ఎనిమిదడుగుల బీడింగ్ ముక్క, అంటే ఒక లెంగ్త్, 2438 మి.మీ., భాగిస్తే ఎనిమిదికి లోపే వస్తుంది. ఎనిమిది లెంగ్తులు కొనుక్కొస్తారు, పని మధ్యలో ఆగిపోతుంది. ఎందుకంటే 2100 నిలువు కోశాక మిగిలే ముక్క దేనికీ పనికిరాదు. ఆరు నిలువులకి ఆరు లెంగ్తులు పోతాయి, ఆరు అడ్డాలకి లెంగ్త్‌కి రెండు చొప్పున మూడు. మొత్తం తొమ్మిది. నేర్చుకునే చేతికి ఇంకో రెండు కలిపి పదకొండు కొనండి. అన్నీ ఒకేసారి, ఒకే లాట్‌లో తీసుకోండి. తర్వాత విడిగా తెచ్చినది అర మిల్లీమీటరు మందం తేడా ఉన్నా మూల దగ్గర మెట్టులా కనపడుతుంది.

స్విచ్ బోర్డు ఎక్కడుందో చూసుకోండి. అది ఫ్రేము లోపలైనా ఉండాలి, ఫ్రేము బయటైనా ఉండాలి. బీడింగ్ బోర్డుని కోసుకుంటూ వెళ్తే ఎంత బాగా చేసినా అతుకులా ఉంటుంది. మీ బోర్డు సరిగ్గా గీత మీద పడితే మూడు ఫ్రేములూ సమానంగా ఉండాలన్న పట్టుదల వదిలేయండి. పక్కవి 900 చొప్పున, మధ్యది 1440 చేయండి, లెక్క అదే 3240కి సరిపోతుంది. మధ్యది పెద్దదిగా ఉండటం సోఫా వెనక నిజానికి ఇంకా నప్పుతుంది.

గోడ మీద గీసేముందు మాస్కింగ్ టేపుతో ఫ్రేముల ఆకారం అంటించి రెండు రోజులు అలాగే ఉంచండి. పగలు చూడండి, రాత్రి లైటు వేసి చూడండి, గుమ్మంలోంచి వస్తూ చూడండి. మీ ఆవిడని విడిగా చూడమనండి. కొలత మార్చాలని ఎవరికనిపించినా ఇప్పుడే అనిపించాలి.

గీత గీయడానికి సీలింగ్ నుంచి కొలవకండి, నేల నుంచీ కొలవకండి. రెండూ పన్నెండడుగుల్లో ఒక సెంటీమీటరు వాలి ఉండటం నేను ఎన్నో ఫ్లాట్లలో చూశాను. రెండడుగుల రసమట్టాన్ని జరుపుకుంటూ పోతే ప్రతి జరుపుకీ కొంచెం తప్పు కలుస్తుంది. మేస్త్రీలు వాడే పారదర్శకమైన నీళ్ల పైపు పదిహేనడుగులు తెచ్చుకోండి. బుడగల్లేకుండా నీళ్లు నింపి, గోడకి ఒక చివర మీరు, ఇంకో చివర మీ ఆవిడ పట్టుకుంటే రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టానికి వచ్చి నిలుస్తాయి. ఆ రెండు గుర్తుల మధ్య దారం కొట్టి, అక్కణ్నుంచి పైకీ కిందికీ కొలవండి. సీలింగ్ వాలు మరీ కొట్టొచ్చినట్టు ఉంటే పై గీతని సగం వాలుకి సర్దండి, కంటికి అదే సరిగ్గా కనపడుతుంది. అలా సర్దితే ఆ చట్రానికి కింది గీతనీ అంతే వాల్చాలి. ప్రతి చట్రానికీ మూల నుంచి మూలకి రెండు వైపులా కొలవండి. 1080, 2100 ఫ్రేముకి 2361 దగ్గర రావాలి, రెండూ ఒకటే రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే చట్రం పక్కకి ఒరిగినట్టు. సీలింగ్ కోసం మీరు కావాలని వాల్చి ఉంటే ఆ మేరకు చిన్న తేడా ఉంటుంది, అదొక్కటే మినహాయింపు.

కోతకి కావాల్సింది మిటర్ బాక్సు, అంటే మూలల కోసం రంపాన్ని 45 డిగ్రీల్లో నడిపే గాడులున్న పెట్టె, ఇంకా సన్నపళ్ల రంపం. ప్లాస్టిక్ మిటర్ బాక్సు చాలు, కానీ దాన్ని ఒక చెక్కకి స్క్రూలు వేసి బిగించండి, చేత్తో పట్టుకుని కోస్తే కోణం చెదురుతుంది. కొత్తవాళ్లు మొదట చేసే తప్పు నాకు కంఠతా వచ్చు. రెండు కొసలూ ఒకే వైపుకి వాలేలా కోసేస్తారు, ముక్క ఫ్రేముకి పనికిరాదు. దీనికి మందు పెన్సిలే. ప్రతి లెంగ్త్‌కీ బయటికి ఉండాల్సిన అంచు మీద బాణం గుర్తు వేయండి. ఆ అంచే పొడవుగా ఉండాలి, 1080 అన్నది ఆ పొడవు కొస నుంచి ఈ పొడవు కొస దాకా. రెండు కొసలూ లోపలివైపుకి వాలాలి. బాణం ఉన్న అంచు ప్రతిసారీ బాక్సులో ఒకే పక్కకి ఆనేలా పెట్టుకోండి. ముందు పనికిరాని ముక్కల మీద నాలుగు మూలలు కోసి, చిన్న ఫ్రేము చేసి చూసుకోండి. గునియా, అంటే మూలమట్టం, పెడితే వెలుతురు కనపడకుండా కూర్చోవాలి.

ఎదురెదురు ముక్కలు ఒకే పొడవు ఉండటం అన్నిటికంటే ముఖ్యం. రెండు నిలువులనీ వీపుకి వీపు ఆనించి నేల మీద నిలబెట్టి, పై కొస మీద బొటనవేలు రాయండి. గోరంత మెట్టు తగిలినా వేలికి తెలుస్తుంది, టేపుకి తెలియదు. అందుకే ప్రతి ముక్కా ఒక మిల్లీమీటరు ఎక్కువ కోసి, 150 నంబరు ఎమిరీ కాగితం చుట్టిన చెక్కతో రుద్ది సరిచేయండి. రంపం మీద బరువు వేయకండి. పీఎస్‌ని ఒత్తి కోస్తే కింది అంచు చిట్లుతుంది.

గమ్ము కొనేటప్పుడు ట్యూబు మీద పాలీస్టైరీన్‌కి పనికొస్తుందని రాసి ఉందో లేదో చూడండి. నీళ్ల బేస్ అక్రిలిక్ గమ్ములు సురక్షితం. సన్‌మైకాకి వాడే పసుపుపచ్చ రబ్బరు గమ్ము ఘాటైన వాసన వస్తుంది చూడండి, అది పీఎస్‌ని తినేస్తుంది, రాసిన చోట గుంటలు పడతాయి. చెక్కకి వాడే ఫెవికాల్ లాంటి తెల్లగమ్ము రంగు వేసిన గోడ మీద తొందరగా పట్టదు, ఆరేలోపు బీడింగ్ జారిపోతుంది.

అతికించే రోజు పెన్సిల్ గీతకి లోపలగా, బీడింగ్ కూర్చునే దారి మాత్రమే ఎమిరీ కాగితంతో కాస్త గరుకు చేసి తడిబట్టతో తుడవండి. ఆరాక బీడింగ్ వెనక, అంచులకి అర సెంటీమీటరు వదిలి, పాములా వంకరటింకరగా గమ్ము గీయండి. కోసిన కొసలకి కూడా చుక్క పెట్టండి, చాలామంది మర్చిపోయేది ఇదే. ఎండాకాలంలో పీఎస్ కొద్దిగా సాగి, చలికి ముడుచుకుంటుంది, కొసకి గమ్ము లేని మూల మొదటి ఏడాదిలోనే వెంట్రుకవాసి విచ్చుకుంటుంది. మధ్య ఫ్రేముతో మొదలుపెట్టి, ముందు పై అడ్డం, తర్వాత రెండు నిలువులు, ఆఖరున కింది అడ్డం. గీతకి ఆనించి, ఒత్తి, అటూ ఇటూ రెండు మిల్లీమీటర్లు కదిపితే గమ్ము పరుచుకుంటుంది. అడుగుకొకచోట మాస్కింగ్ టేపు అడ్డంగా వేయండి. పక్కలకి ఉబికిన గమ్ముని తడిబట్టతో వెంటనే తుడిచేయండి. ఇరవై నాలుగ్గంటలు దాన్ని తాకకండి, ఆ గోడవైపు కూలర్ కూడా పెట్టకండి.

తర్వాత సందులు. మూలల్లో ఒక మిల్లీమీటరు లోపు సందు ఉంటే లప్పంతోనో అక్రిలిక్ ఫిల్లర్‌తోనో నింపి, ఆరాక 220 నంబరుతో మెత్తగా రుద్దండి. అంతకంటే ఎక్కువుంటే ఆ ముక్క తీసి కొత్తది కోయండి, అందుకే రెండు లెంగ్తులు ఎక్కువ కొనమన్నది. బీడింగ్‌కీ గోడకీ మధ్య సన్నగీతలా కనపడే సందుకి అక్రిలిక్ సీలెంట్ పెట్టి, తడివేలితో ఒక్క లాగులో సర్దండి. సిలికాన్ మాత్రం వద్దు, దాని మీద రంగు పట్టదు, ఎన్ని కోట్లు వేసినా చేపకళ్లలా విడిపోతుంది.

రంగు వేసేముందు రాత్రి హాల్లో లైట్లన్నీ ఆర్పేసి, సెల్‌ఫోన్ టార్చిని గోడకి ఆనించినట్టు పక్కనుంచి వేసి చూడండి. పగటి వెలుతురులో కనపడని గుంట, గమ్ము మరక, ఎత్తుపల్లం అన్నీ నీడలు వేసి మీకే చూపిస్తాయి. పెన్సిల్‌తో చుట్టి, తెల్లారి సరిచేసుకోండి. బాల్కనీ నుంచి పక్కవెలుతురు పడే హాల్లో ఈ పని మానేస్తే, రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ లోపం కళ్లముందుంటుంది.

రంగు నీళ్ల బేస్ ఎమల్షనే. థిన్నర్ కలిపిన రంగులు, స్ప్రే డబ్బాలు పీఎస్‌ని కరిగిస్తాయి. గోడా బీడింగూ ఒకే రంగు వేయమని నా సలహా. వేరే రంగు వేస్తే అంచులో చేయి వణికిన ప్రతిచోటా తెలుస్తుంది. ఒకే రంగైతే నీడలే నగిషీని చూపిస్తాయి, అందుకే కదా అసలు మోల్డింగ్ పెట్టుకునేది. ముందు అంగుళంన్నర బ్రష్‌తో బీడింగ్ వంపులు, తర్వాత రోలర్‌తో గోడ, రెండు కోట్లు. మధ్యలో కనీసం నాలుగు గంటలు. వానలు పడుతుంటే ఇంకా ఎక్కువ ఆరనివ్వండి, వీలైతే వర్షాలు తగ్గాకే మొదలుపెట్టండి.

అద్దె ఇంట్లో ఇదే పని చేయొచ్చా అని ఇంకొకరు అడిగారు. ఓనర్‌తో మాట్లాడకుండా వద్దు. తీసేటప్పుడు రంగుతో పాటు లప్పం కూడా వస్తుంది, గోడ మళ్లీ చేయించి ఇవ్వాలి.

మిగిలిన లెంగ్త్‌ని అటక మీద నేలకి సమానంగా పడుకోబెట్టి ఉంచండి, నిలబెడితే వంగిపోతుంది. దాని వీపు మీద రంగు పేరు, నంబరు, తేదీ మార్కర్‌తో రాసి పెట్టండి. సోఫా జరిపేటప్పుడు ఎప్పుడో ఒకసారి కింది అడ్డానికి దెబ్బ తగులుతుంది, అప్పుడు అదే కొలత, అదే అచ్చు బయట దొరకడం కష్టం. గోడ పరీక్షలో టేపుకి ఏం అంటుకొచ్చిందో ఫోటో తీసి పెడితే, ముందుకెళ్లొచ్చో లేదో నేను చూసి చెప్తాను.